విశాఖలో పుట్టినరోజు శనాదివారాలు: ఇంటిల్లిపాదికీ, వచ్చే పాత నేస్తానికీ

శనివారం తెల్లారి రైలు దిగిన నేస్తం ఆదివారం రాత్రి మళ్లీ రైలెక్కాలి. మధ్యలో ఉండేది గట్టిగా 38 గంటలు. నిద్ర, స్నానాలు, భోజనాలు, గుడి, రోడ్డు మీద పోయే సమయం తీసేస్తే చేతిలో మిగిలేది పది, పన్నెండు గంటలే. చాలా ఇళ్లలో ఆ కాస్తా కైలాసగిరి రోప్‌వే క్యూలోనూ, హోటల్లో టేబుల్ ఖాళీ అయ్యేదాకా నిలబడటంలోనూ, గ్రూపు ఫోటోలకు వరస కట్టడంలోనూ కరిగిపోతుంది. ఏళ్ల తర్వాత కలిసిన ఇద్దరు "ఇంకేంటి సంగతులు" దగ్గరే ఆగిపోయి ప్లాట్‌ఫాం మీద విడిపోతారు.

అందుకని ముందే ఒక లెక్క పెట్టుకోండి. పుట్టినరోజు మనిషికీ నేస్తానికీ ఎవరూ అడ్డురాని మూడేసి గంటలు రెండు విడతలు దక్కాలి. ఒకటి శనివారం రాత్రి, రెండోది ఆదివారం పొద్దున. మిగతా ఏర్పాట్లు వీటి చుట్టూ సర్దాలి గానీ, వీటిని వాటి సందుల్లో ఇరికించకూడదు. ఏర్పాట్లు చూసేది పిల్లలో, భార్యో, భర్తో అనుకుని, తినేవాళ్లు పది మంది అనుకుని కింది వివరాలు రాశాం. పుట్టినరోజు మనిషి చేతికి గరిటె గానీ కారు తాళం గానీ రాకూడదు.

1. తేదీ తేల్చడం (రెండు నెలల ముందు)

పుట్టినరోజు బుధవారం పడితే వేడుకను ముందు శనివారానికి జరపాలా, తర్వాతి శనివారానికా? తర్వాతి వారానికే జరపండి. రోజు రాకముందే చేయడం ఇంట్లో పెద్దలకు నచ్చదు, వాళ్లతో ఆ వాదన పెట్టుకోవడం అనవసరం. అసలు రోజున దీపం, తలంటు, గుడిలో అర్చన, కాస్త పాయసం కానిచ్చేస్తే చాలు. విందు, కేకు, నేస్తం శనివారానికి. కొన్ని ఇళ్లలో తేదీ కాదు, తిథి చూస్తారు. పంచాంగం తీసి ఆ తిథి ఈ ఏడాది ఏ రోజు వచ్చిందో చూసుకున్నాకే టికెట్ల మాట ఎత్తండి. 60 ఏళ్లు నిండే సందర్భమైతే అది షష్టిపూర్తి. పురోహితుడు, హోమం, బంధువులు అంతా ఉండే వేరే పెద్ద పని, ఈ పద్ధతి దానికి సరిపోదు.

విశాఖలో నెలను బట్టి జాగ్రత్తలు మారతాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధ పెడుతుంది. పొద్దున ఏడు దాటాక, సాయంత్రం ఐదున్నర లోపు పెద్దవాళ్లను బయటికి తీయకండి. కింద రాసిన గుడి, బీచ్, భీమిలి వేళలను ఆ నెలల్లో దీనికి తగ్గట్టు జరుపుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. ఆ నెలల్లో బయట అనుకున్న ప్రతి కార్యక్రమానికీ ఇంట్లోనే చేసుకోగల బదులు ఒకటి సిద్ధంగా ఉండాలి. డిసెంబరు 4 నేవీ డే. నౌకాదళ విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాది అయితే రిహార్సల్ రోజుల నుంచే బీచ్ రోడ్డు కిక్కిరిసిపోతుంది.

2. టికెట్లు, స్టేషన్

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. హైదరాబాదు వైపు నుంచి వచ్చేవాళ్లకు శుక్రవారం సాయంత్రం బయల్దేరి శనివారం తెల్లారేసరికి దింపే రైలు నయం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను జనం అందుకే వదలరు. వెళ్లే టికెట్టు రెండు రోజుల తర్వాత తెరుచుకుంటుంది, అది కూడా తెరుచుకున్న పూటే తీసేయండి. ఆదివారం రాత్రి బెర్తులు శుక్రవారం వాటికన్నా ముందే అయిపోతాయి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ప్రయాణానికి ముందు రోజు పొద్దున 10కి ఏసీ, 11కి స్లీపర్ తెరుస్తారు. అంటే ఆదివారం రైలు కోసం శనివారం, సరిగ్గా గుడికో వంటకో పరుగులు పెట్టే వేళ ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

టికెట్టు మీద స్టేషన్ పేరు చూడండి. విశాఖపట్నం స్టేషన్‌కు వచ్చి ముందుకు పోవాలంటే చాలా రైళ్లకు ఇంజను అటు నుంచి ఇటు మార్చాలి. ఆ ఆలస్యం లేకుండా కొన్ని దూరప్రాంత రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లకు దువ్వాడే దగ్గర. మధురవాడ వాళ్లకు మాత్రం తెల్లవారుజామున అది పెద్ద ప్రయాణం.

విశాఖ స్టేషన్‌లో రెండు వైపులా దారి ఉంది. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు ప్రధాన ద్వారం, అవతల జ్ఞానాపురం వైపు రెండోది. "బయట నుంచున్నాం" అని ఇద్దరూ చెరో వైపు నుంచి ఫోన్లు చేసుకోవడం ఇక్కడ మామూలే. ఏ వైపో ముందు రోజే మెసేజ్ పెట్టండి. ఎదురెళ్లేది పుట్టినరోజు మనిషే అయితే బాగుంటుంది, డ్రైవింగ్ మాత్రం వేరేవాళ్లది.

3. నేస్తం గురించి ఆరా తీయడం (పది రోజుల ముందు)

ఫోన్ చేయాల్సింది నేస్తానికి కాదు, నేస్తం ఇంట్లోవాళ్లకి. "ఏం తింటారండీ" అంటే ఆ వయసువాళ్లు "ఏదైనా పర్లేదు" అంటారు. నిజం వాళ్ల ఆవిడో, ఆయనో, కూతురో చెబుతారు. అడగాల్సినవి: షుగర్, బీపీ మాత్రలు ఏ వేళకి, మోకాళ్ల నొప్పి ఉందా, నేల మీద కూర్చోగలరా, శనివారం నీచు ముడతారా, రాత్రి ఎన్నింటికి నిద్ర, ఏసీ పడుతుందా. ఇంట్లో రెండు స్నానాల గదులు లేకపోతే నేస్తానికి దగ్గర్లో లాడ్జి గది తీయడం తప్పేం కాదు. పగలంతా ఇంట్లోనే ఉంటారు, పొద్దున పూట బాత్రూం కోసం మొహమాటపడే బాధ తప్పుతుంది.

ఇదే ఫోన్‌లో ఇంకొక కోరిక కోరండి. నేస్తం దగ్గరున్న పాత ఫోటోలు, ఉత్తరాలు, కాలేజీ ఐడీ కార్డు లాంటివి ఏమున్నా సంచిలో వేసి పంపమనండి. మీ ఇంట్లో లేని ఫోటో ఒక్కటి దొరికినా బజారులో కొనే ఏ బహుమతీ దాని ముందు నిలవదు.

4. వంటలు

శనివారం శాకాహారం, ఆదివారం చేప. వేంకటేశ్వరుడి వారమని ఎన్నో ఇళ్లలో శనివారం నీచు వండరు. మీ ఇంట్లో ఆ పట్టింపు లేకపోయినా నేస్తానికి ఉండొచ్చు. పైగా చేపల పులుసుకు ఆదివారం పొద్దున హార్బర్‌కు వెళ్లే వీలుంటుంది.

శనివారం భోజనానికి ఆవ పెట్టిన పులిహోర, ముద్దపప్పు, ఒక వేపుడు, చారు, బెల్లం పాయసం, పెరుగు సరిపోతాయి. గారెలు వేడివేడిగా తింటేనే గారెలు. అంటే ఒకరు భోజనాలయ్యేదాకా బాణలి దగ్గరే ఉండాలి. ఆ మనిషి దొరికితేనే పెట్టుకోండి.

పులిహోరకు 750 గ్రాముల బియ్యం, 120 గ్రాముల చింతపండు, 120 మిల్లీలీటర్ల నూనె, 10 పచ్చిమిర్చి, 8 ఎండుమిర్చి, 80 గ్రాముల పల్లీలు, రెండేసి చెంచాల శనగపప్పు, మినప్పప్పు, రెండు చెంచాల ఆవాలు ముద్దకు, తాలింపుకు వేరే. అన్నం పలుకుగా వండి, వెంటనే వెడల్పు పళ్లెంలో పరిచి, పసుపు, రెండు గరిటెల నూనె, కరివేపాకు వేసి ఆరనివ్వాలి. వేడి మీద కలిపితే మెతుకు విరిగి ముద్దవుతుంది. చింతపండు గుజ్జును పచ్చిమిర్చి, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. అంతవరకు ఆగకపోతే పచ్చివాసన పోదు, సాయంత్రానికి పులిహోర నీరు వదులుతుంది. ఉప్పు అన్నానికీ గుజ్జుకీ కలిపి 30 గ్రాముల దగ్గర మొదలుపెట్టి చివర్లో రుచి చూసి సరిచేయండి. ఆవాలను చిటికెడు ఉప్పుతో, కాసిన్ని నీళ్లతో నూరి అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి. పొయ్యి మీద గానీ వేడన్నంలో గానీ పడితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఆవ పులిహోర కలిపిన గంటకు తింటే బాగుంటుంది.

పాయసానికి 150 గ్రాముల బియ్యం, లీటరున్నర పాలు, 250 గ్రాముల అనకాపల్లి బెల్లం, 50 గ్రాముల జీడిపప్పు, నాలుగు చెంచాల నెయ్యి, ఆరు యాలకులు. పాలు విరిగిపోవడం ఇందులో అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. బెల్లంలోని పులుపు, ఖనిజ లవణాలు మరిగే పాలను విరగ్గొడతాయి. బెల్లాన్ని వేరే గిన్నెలో అరగ్లాసు నీళ్లతో కరిగించి, ఇసుకా పిప్పీ పోయేలా వడకట్టి చల్లార్చాలి. అన్నం పాలల్లో మెత్తగా ఉడికాక పొయ్యి కట్టేసి, పది నిమిషాలు ఆగి బెల్లం నీళ్లు కలపాలి. తర్వాత మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం కలపకముందే ఒక గిన్నె పక్కకు తీసిపెట్టండి. బెల్లమైతే షుగర్ పెరగదనుకోవడం వట్టి భ్రమ.

ఆదివారం పులుసుకు రెండు కిలోల వంజరం కావాలి. తల, పొట్ట, తోక పోగా కిలోన్నరకు కాస్త అటూఇటూ ముక్కలొస్తాయి. ఫిషింగ్ హార్బర్‌కు తెల్లారేసరికి చేరేవాళ్లకు సరుకు బాగుంటుంది. పాత చెప్పులు, మూతున్న స్టీలు గిన్నె, ఐసు కోసం మందపాటి సంచి తీసుకెళ్లండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే లేవాలి. ముందే కోసి పెట్టిన ముక్కల్లో ఇవేవీ చూడలేరు, అందుకని నిండు చేప కొని ఎదురుగా కోయించుకోండి.

ఒక సంగతి మాత్రం క్యాలెండర్ మీద రాసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఆ రోజుల్లో తెప్పల మీద వెళ్లి తెచ్చిన కాస్త సరుకే తాజాది, దాని ధర కూడా అలాగే ఉంటుంది. ఐసులో రోజుల తరబడి ఉన్న వంజరానికి డబ్బులు పోసే కంటే నాటుకోడి వండుకోండి.

ముక్కలను ఉప్పు, పసుపుతో రుద్ది రెండుసార్లు కడగాలి. వెడల్పాటి గిన్నెలో 150 మిల్లీలీటర్ల నూనె, 300 గ్రాముల ఉల్లి తరుగు, ఆరు పచ్చిమిర్చి వేయించి, పసుపు, మూడు పెద్ద చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, ఉప్పు, 100 గ్రాముల చింతపండు పిండిన లీటరు పులుసు పోయాలి. పావుగంట మరిగి నూనె తేలాకే ముక్కలు ఒకే వరసగా పేర్చాలి. ఆ తర్వాత గరిటె పెట్టకూడదు. గిన్నెను గుడ్డతో రెండు వైపులా పట్టుకుని తిప్పితే చాలు. పది, పన్నెండు నిమిషాలకు దించి, వేయించిన మెంతులు, జీలకర్ర పొడి అరచెంచా, కొత్తిమీర చల్లాలి. మెంతులు మాడితే పులుసంతా చేదే, దిద్దే దారి లేదు. ఈ పులుసు రెండు మూడు గంటలు నిలిస్తేనే ముక్కకు పడుతుంది. కనుక 1:30 భోజనానికి 10:30కల్లా దించేయాలి.

5. కేకు, అలంకరణ

భోజనం తర్వాత తినే కేకు పది మందికి కిలో చాలు. రెండు కిలోలు కొంటే సగం సోమవారం పనిమనిషికి, వాచ్‌మన్‌కి వెళుతుంది. శనివారం కాబట్టి గుడ్డు లేనిది రెండు రోజుల ముందే ఆర్డరివ్వండి. పెట్టె ఎంత వెడల్పో అడిగి ఫ్రిజ్‌లో అర కొలవండి. పది, పన్నెండు అంగుళాల పెట్టె మామూలు ఫ్రిజ్‌లో అర ఒకటి పూర్తిగా తీస్తే గానీ పట్టదు, అప్పటికే అక్కడ పాలగిన్నె, దోసెల పిండి ఉంటాయి. తెచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకోవద్దు. ఒంటి వేడికి, వాలుకి ఒక పక్కకు జారుతుంది. కారులో కాళ్ల దగ్గర చదునైన చోట పెట్టి ఏసీ వేయండి. మన ఊరి తేమకు క్రీము చెమటలు పడుతుంది గనుక కోయడానికి పావుగంట ముందు మాత్రమే బయటికి తీయాలి.

బీచ్‌లో కేకు కోయాలని పిల్లలు పట్టుబడతారు. వద్దనండి. సముద్రపు గాలి సాయంత్రమే జోరుగా ఉంటుంది. కొవ్వొత్తి నిలవదు, ఇసుక క్రీములో పడుతుంది, మీకంటే ముందు కుక్కలు చేరతాయి.

కొవ్వొత్తి ఊదడం కొందరు పెద్దలకు రుచించదు, దీపం ఆర్పినట్టు ఉంటుందని. ముందు దేవుడి దగ్గర కుందిలో దీపం వెలిగించి, అక్షింతలు వేయించుకుని, తర్వాత కేకు కోస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. నురగ స్ప్రే డబ్బాలు మాత్రం ఇంటికి రానివ్వద్దు. వాటిలో నురగను తోసేది మండే వాయువు. వెలుగుతున్న కొవ్వొత్తి వైపు కొడితే మంట ముఖానికి అందుతుంది. గ్యాస్ బెలూన్లలో హైడ్రోజన్ నింపే చోట్లున్నాయి, అవీ అంతే. ప్లాస్టిక్ పుల్లల బెలూన్లు, అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్లేలు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. అరటాకులు, గుమ్మానికి మామిడాకులు, రెండు మూరల బంతిపూలు చాలు. ఫోటోల్లోనూ అవే బాగా పడతాయి.

6. శనివారం, గంటల వారీగా

గోళ్లు, గడ్డం, జుట్టు పనులు శుక్రవారమే ముగించాలి. పుట్టినరోజున కత్తెర పెట్టరు.

6:00–8:30. స్టేషన్ నుంచి ఇల్లు, కాఫీ. నేస్తాన్ని గంటన్నర పడుకోనివ్వండి. రాత్రి రైల్లో సరిగా నిద్ర పట్టని మనిషిని ఏడింటికే గుడికి తీసుకెళితే మధ్యాహ్నం కేకు ముందు కునుకుతారు. ఈలోపు పుట్టినరోజు మనిషికి నువ్వుల నూనె గోరువెచ్చగా మాడుకు పట్టించి, సున్నిపిండి, కుంకుడుకాయ రసంతో తలంటు. నూనె అంటిన బాత్రూం గచ్చు బాగా జారుతుంది. అరవై దాటినవాళ్లకు స్టూలు వేసి, అయ్యాక గచ్చు సబ్బుతో కడిగేయండి. కొత్త బట్టల అంచుకు పసుపు బొట్టు, తర్వాత హారతి.

9:00–10:30. గుడి ఒక్కటే, మూడు కాదు. ఆసిల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి చిన్నది, త్వరగా అయిపోతుంది. వాహన పూజలకు వచ్చిన బళ్లు ముందు నిలిచి ఉంటాయి గనుక కారు కాస్త దూరంగా ఆపండి. బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గర గర్భగుడికి పైకప్పు లేదు. అమ్మవారికి భక్తులే స్వయంగా పూజ చేసుకోవచ్చు, ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెకు దీన్ని మించిన బహుమతి లేదు. సందులు ఇరుకు, ఆటోలో వెళ్లండి. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం ఆ వైపు కిటకిట. సింహాచలం అప్పన్న దర్శనమే కావాలంటే శనివారం పూట సగం రోజు దానికే వదిలి విందును రాత్రికి మార్చండి. ఎక్కడికెళ్లినా గోత్రం, జన్మనక్షత్రం చీటీ మీద రాసి తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర "ఆరుద్రా, పునర్వసా" అని ఇంటికి ఫోన్లు చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

12:30 భోజనాలు, 2:00కి కేకు, తర్వాత అందరికీ నిద్ర. ఈ నిద్రను ఎవరూ కదిలించవద్దు, రాత్రి కబుర్లకు పెట్టుబడి ఇదే.

4:30–7:30. ఆర్కే బీచ్. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. అందుకే సాయంత్రం ఇసుక మీద నీడ త్వరగా పడుతుంది, కూర్చోవడానికి హాయి, ఫోటోలకు మాత్రం వెలుగు చాలదు. నవంబరు చివర్లో, డిసెంబరు మొదట్లో 5:20కే పొద్దు వాలిపోతుంది. పిల్లలకు కురుసుర జలాంతర్గామి చూపించండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. లోపల ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి రంధ్రాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎదురుగా టీయూ-142 విమానం వైపు తీసుకెళ్లండి. వేడుకను సోమవారం సెలవుతో కలిపి పొడిగిస్తే కురుసుర, జూపార్కు రెండూ సోమవారాలు మూసి ఉంటాయని గుర్తుంచుకోండి.

నీళ్లలోకి దిగడం పాదాలు తడిసే వరకే. ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి లాగే నీటి బలం పైకి కనిపించదు, ఈతగాళ్లు కూడా పోయారు. పిల్లలు మునగాలని గొడవ చేస్తే రుషికొండలో లైఫ్‌గార్డులున్న హద్దుల్లోనే. ముంత మసాలా, కాల్చిన మొక్కజొన్న పొత్తులు సరే, కానీ రాత్రికి ఇంట్లో పెరుగన్నం, పొద్దుటి పులిహోర ఉన్నాయి. హోటల్ మాటెత్తకండి. శనివారం రాత్రి బీచ్ రోడ్డు హోటళ్లలో పది మందికి ఒకే బల్ల దొరకడానికి పట్టే సమయంలో ఇంట్లో తిని చేతులు కడిగేసుకోవచ్చు.

7. మొదటి మూడు గంటలు: శనివారం రాత్రి

8:30 నుంచి మేడ మీదో బాల్కనీలోనో ఇద్దరికీ కుర్చీలు వేయండి. దోమలబత్తి, ఫ్లాస్కులో టీ, చెంబుతో నీళ్లు. పాటల పెట్టె పెట్టినా రాత్రి పది దాటాక స్పీకర్లు మోగించకూడదన్న నిబంధన ఉంది, పక్కింటివాళ్లూ ఉన్నారు. పిల్లలు ఒక అరగంట ఫోటోలతో వచ్చి కూర్చోవచ్చు, తర్వాత కిందికి దిగిపోవాలి.

ఫోటోల పని పగలే చేసి ఉంచాలి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫోటోకి సమాంతరంగా పట్టుకుని తీయాలి. జిగురు పేజీల ఆల్బంలో అంటుకుపోయిన పాత ఫోటోను గోటితో లాగితే పై పొర చిరుగుతుంది. పళ్ల మధ్య వాడే సన్నని దారాన్ని వెనక నుంచి రంపంలా అటూఇటూ జరిపి విడదీయండి. రానంటే వదిలేసి అలాగే ఫోటో తీయండి. పన్నెండు, పదిహేను ఫోటోలు చాలు. వందైతే వేలు జరపడమే తప్ప ఒక్కదాని దగ్గరా ఆగరు. వాటిని ముద్రించి, ఒక్కో కాపీ వెనక ఎవరెవరో, ఏ ఊరో, ఏ ఏడో ఆ రాత్రే ఇద్దరి చేతా రాయించండి. ఇద్దరూ ఏడాది దగ్గర వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి.

మాటలు రికార్డు చేయాలనుంటే ఇద్దరికీ ముందే చెప్పి ఒప్పించాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేదంటే నడుమ వచ్చిన కాల్ రికార్డింగ్‌ను ఆపేస్తుంది. మెత్తటి గుడ్డ మీద, ఇద్దరికీ మూరెడు దూరంలో ఉంచాలి. ఫ్యాను కింద పెడితే గాలి రొదే వినిపిస్తుంది. బీచ్‌లో రికార్డింగ్ అసలు పనికిరాదు.

8. రెండో మూడు గంటలు: ఆదివారం భీమిలి దారి

ఇద్దరు నేస్తాలు, బండి నడిపే ఒకరు. మిగతా ఇల్లంతా హార్బరు, పులుసు పని. "మేమూ వస్తాం" అనే పిల్లలకు సాయంత్రం కైలాసగిరి బొమ్మరైలు ఆశ పెట్టండి.

జూన్‌లో సూర్యోదయం 5:25 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో. దానికి అరగంట ముందు బయల్దేరాలి. పొద్దున నడిచేవాళ్ల కోసం ఆర్కే బీచ్ ముందు రోడ్డును వాహనాలకు మూసేస్తారు కాబట్టి ఊళ్లోంచి ఎంవీపీ కాలనీ మీదుగా వెళ్లి తీరం రోడ్డు పట్టుకోండి. ఊరి నుంచి భీమిలి సుమారు 25 కిలోమీటర్లు. బస్సు సరదా ఉన్నవాళ్లకు ఆ దారిన 900కే తిరుగుతుంది.

దారిలో ఆగాల్సింది ఒక్కచోటే, ఏదో ఒకటి ఎంచుకోండి. తొట్లకొండ మీద బౌద్ధ విహార శిథిలాలు, కింద సముద్రం, కూర్చోవడానికి నిశ్శబ్దం ఉంటాయి. ఎర్రమట్టి దిబ్బలైతే ఎనిమిది లోపే వెళ్లాలి, నీడ ఉండదు. అంచులు వదులుగా ఉండి కూలతాయి, పైకెక్కొద్దు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల పాత సమాధులు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. అక్కడ ఇడ్లీ తిని పదిన్నరకల్లా వెనక్కి తిరగండి. సాయంత్రం నాలుగు దాటాక ఇదే రోడ్డు మీద ఇరుక్కుంటే రైలు మీద ఆశ వదులుకోవాలి. ఎప్పుడైనా ఆలస్యమైతే తగరపువలస, ఆనందపురం మీదుగా హైవే పట్టుకోండి.

అరకు మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. రోడ్డు దారిన 115 కిలోమీటర్ల దాకా, పైగా ఘాట్ మలుపులు. చిన్నపిల్లలకు వాంతులు, బొర్రా గుహల మెట్లు పెద్దవాళ్లకు ఆయాసం. రోజంతా దానికే పోతుంది. మూడో రోజు ఉన్నవాళ్లు వెళ్లొచ్చు.

9. సాగనంపడం

భోజనం 1:30కి. నాలుగింటికి టీ అయ్యాక నేస్తానికి బొట్టు పెట్టి బట్టలు పెట్టడం, జంటగా వస్తే ఇద్దరికీ. మాడుగుల హల్వా అరకిలో, చిన్న పచ్చడి సీసా కట్టి ఇవ్వండి. సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, నిలువుగా సంచిలో సర్దితే బెర్తు కింద నూనె కారదు. రాత్రికి రైల్లో తినడానికి పెరుగన్నం గానీ చపాతీలు గానీ కట్టండి, చేపల పులుసు వద్దు.

ఆదివారం సాయంత్రం జగదాంబ కూడలి, ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టూ బళ్లు కదలవు. ఎంవీపీ కాలనీ నుంచైనా రైలు వేళకు గంటన్నర ముందు ఇల్లు కదలాలి, మధురవాడ నుంచైతే రెండు గంటలు. గాజువాక వాళ్లు రైలు దువ్వాడలో ఆగుతుందేమో చూసి అక్కడే ఎక్కించడం మేలు. అలాగైతే బోర్డింగ్ స్టేషన్‌ను ముందుగానే టికెట్టులో మార్చి ఉంచాలి.

రాత్రి రికార్డింగ్‌ను, స్కాన్ చేసిన ఫోటోలను నేస్తం ఇంట్లోవాళ్లకు ఆ రాత్రే పంపేయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. నేస్తం తెచ్చిన అసలు ఫోటోలు కవరులో పెట్టి, లెక్కపెట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టడం మరిచిపోవద్దు.